బావగారి బోల్టులు

స్టీవెనేజ్,
8 మార్చి 2014

బావమరిది మణిదీప్‌కి,

డ్రైవింగ్ టెస్టు నాలుగోసారికి పాసయ్యావని మీ అక్క గిరిజ చెప్పింది. ఒకే పరీక్షని అంత శ్రద్ధగా నాలుగుసార్లు రాయడం మీ ఇంట్లో కొత్తేమీ కాదు. మీ నాన్నగారు ఇంటరు ఇంగ్లీషు కూడా అలాగే గట్టెక్కారని పెళ్ళిలో ఎవరో చెప్పారు. అభినందనలు.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావేమో. ఈ ఇంట్లో నా ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే మోగుతుంది. నా మెయిలు నాకంటే ముందు మీ అక్క చదువుతుంది. మగాళ్ళిద్దరు మనసువిప్పి మాట్లాడుకోవాలంటే ఈ దేశంలో ఇంక పోస్టుడబ్బా ఒక్కటే దిక్కు. నువ్వూ కాగితమ్మీదే రాయి, మా ఆఫీసు అడ్రసుకి.

అసలు సంగతి. నేను కొత్త కారు కొన్నాను. పాతది నీకిచ్చేస్తున్నాను. అల్లుడికి మీవాళ్ళు పెట్టని కారు బావమరిదికి నేను పెడుతున్నానని మీ అమ్మగారికి చదివి వినిపించు.

కారుకి పదకొండేళ్ళు. కానీ ఇలాంటిది స్విండన్ మొత్తంలో ఇంకొకటి ఉండదు. మలుపు తిరిగేటప్పుడు ఇంచీ కూడా పక్కకి ఒరగదు. విమానం భాగాల కొలతలు సరిచూసి సంతకం పెట్టే చెయ్యి దాన్ని ఇన్నాళ్ళూ చూసుకుంది. ఒక్క మాట గుర్తుపెట్టుకో. వీల్ అలైన్‌మెంటు చేస్తామని ఏ గ్యారేజీవాడు అడిగినా ఒప్పుకోకు. ఉన్నది చెడగొట్టడం తప్ప వాళ్ళకేం రాదు.

మీ బావ,
వెంకటాచలం

*

స్విండన్,
12 మార్చి 2014

బావగారికి నమస్కారాలు.

కారు చేరింది. మీరు దాన్ని వదిలి రైలెక్కేటప్పుడు కళ్ళు తుడుచుకున్నారని నా ఫ్లాట్‌మేట్ రఘువీర్ అంటున్నాడు. అక్కని అత్తారింటికి పంపేటప్పుడు మా నాన్న కూడా అంత బాధపడలేదు.

నాలుగోసారి పాసయ్యానన్నారు. మీరు మొదటిసారే పాసయ్యారట. మరి అక్క మీ కారులో ఎప్పుడూ ప్లాస్టిక్ సంచీ పట్టుకుని ఎందుకు కూర్చుంటుందో నాకు తెలియదు.

ఇన్సూరెన్స్ ఫారం నింపుతున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు. ఒకచోట మాత్రం ఆగిపోయాను. ‘కారు తయారైనప్పుడు ఉన్నదానికి భిన్నంగా ఏమైనా మార్చారా?’ అని ఉంది. ఇంజను, చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు, అద్దాలు అని పెద్ద జాబితా. రేడియో మీద వినాయకుణ్ణి నేనే అతికించాను, అదీ రాయాలా?

బావగారూ, ఇది మాత్రం హాస్యానికి అడగడం లేదు. నా ఉద్యోగం సంగతి మీకు తెలుసు. విల్ట్‌షైర్ అంతా తిరిగి GP డాక్టర్ల క్లినిక్కుల్లో కంప్యూటర్లు బాగుచెయ్యాలి. కారు నడపలేనివాడికి ఈ ఉద్యోగం లేదు, ఉద్యోగం లేనివాడికి వీసా లేదు. ఆ ఫారంలో తప్పు రాయకూడదు. మీరు ఏమైనా మార్పించి ఉంటే చెప్పండి. చక్రాలు, స్ప్రింగులు అన్నీ కంపెనీవేనా? ఒకటికి రెండుసార్లు అడుగుతున్నాను, మూడోసారి కూడా అడిగాననుకోండి.

మీ మణిదీప్

*

స్టీవెనేజ్,
15 మార్చి 2014

మణీ,

లేదు. లేదు. నువ్వు మూడుసార్లు అడిగావు కాబట్టి మూడోసారి కూడా లేదు.

మార్పు అంటే ఏమిటో తెలుసా నీకు? ఈస్ట్ హామ్ వీధుల్లో కుర్రాళ్ళు సైలెన్సరు పీకేసి ఊరంతా అదిరేలా తిరుగుతారు చూడు, అదీ మార్పు. కారు కింద నీలం లైట్లు పెట్టించుకుంటారు, అదీ మార్పు. నా చేతిలో నీ కారుకి జరిగింది సంరక్షణ. ఏటా MOT ఫిట్‌నెస్ పరీక్ష పాసైంది. మీ అమ్మగారు పోయిన వేసవిలో వచ్చినప్పుడు ముందు సీటు వెనక్కి నెట్టీ నెట్టీ విరగ్గొట్టారు. మార్పు అనదగినది ఆ కారుకి జరిగిందంటే అదొక్కటే.

‘లేదు’ దగ్గర టిక్కు పెట్టి పంపు. వినాయకుడి సంగతి రాయకు, ఆయన్ని రెండో డ్రైవరు కింద లెక్కేసి ప్రీమియం పెంచుతారు.

మీ బావ

*

స్టీవెనేజ్,
19 అక్టోబర్ 2014

ఘనత వహించిన బావమరిదికి,

మీ అక్క ఏడుస్తూ చెప్పింది కాబట్టి సగమే అర్థమైంది. అర్థమైనంతలో, నా కారుని గుద్దేశావు. నీకేం కాలేదు, సంతోషం. రౌండబౌటు దగ్గరట. వర్షమట. ఒక ఆడమనిషి కూడా ఉందట.

నాయనా, ఈ ప్రవల్లిక అనే పేరు మీ అక్క నోట రెండుసార్లు విన్నాను. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మలుపులో శౌర్యం చూపించాలనుకున్నావు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, పరువున్న కారులో ఆ చపలత్వమెందుకు? నీ వయసులో నేను కూడా మీ అక్కని చూడటానికి వెళ్ళాను. బస్సులో వెళ్ళాను.

నా కారు ఎంత దెబ్బతిందో వివరంగా రాయి.

మీ బావ

*

స్విండన్,
23 అక్టోబర్ 2014

బావగారికి,

ఆడమనిషి ఉన్న మాట నిజమే. అవతలి కారులో ఉంది. డెబ్బై ఒక్క ఏళ్ళు, రిటైరైన లైబ్రేరియన్. ఎడమ మణికట్టు విరిగింది. అంబులెన్సు ఎక్కుతూ ‘నీకు దెబ్బ తగల్లేదు కదా బాబూ’ అని నన్నే అడిగింది. ప్రవల్లిక మా ఆఫీసులో డ్యూటీల రోటా వేసే అమ్మాయి. ఆ రోజు సెలవని చెప్పడానికి ఫోను చేశాను, అంతే మా ప్రేమకథ.

నేను వేగంగా వెళ్ళలేదు. ఇరవై మైళ్ళు కూడా లేదు. స్టీరింగు తిప్పాను, కారు తిరగలేదు. సబ్బు మీద కాలేసినట్టు ముందుకి జారిపోయింది.

ఇప్పుడు అసలు గొడవ. ఇన్సూరెన్స్ వాళ్ళు ఒక ఇంజనీరుని పంపి కారు చూపించారు. ముందు టైర్లు రెండూ బయటికి బాగానే కనిపిస్తున్నా, లోపలి అంచు తీగలు తేలేదాకా అరిగిపోయిందట. చక్రాలు పైన లోపలికి వాలి ఉన్నాయట, కంపెనీ పెట్టిన హద్దు దాటి. స్ప్రింగులు కంపెనీవి కావు, పొట్టివి. ‘మార్పులు లేవని ఫారంలో రాశారు, సంజాయిషీ చెప్పండి’ అని ఉత్తరం వచ్చింది.

నాకు అనుమానం ఆగస్టులో బ్రేకు ప్యాడ్లు వేసిన గ్యారేజీ మీద. నిన్న వెళ్ళి ఆ పోలండు మెకానిక్‌ని నలుగురిలో కడిగేశాను. దొంగ అన్నాను. అతను చేతిలో రెంచి పట్టుకుని చివరిదాకా విని, ‘కారు ఎక్కడుందో చెప్పు, నేనూ వచ్చి చూస్తాను’ అన్నాడు. మీకేమైనా తోస్తే రాయండి.

మణిదీప్

*

స్టీవెనేజ్,
26 అక్టోబర్ 2014

మణీ,

గ్యారేజీ వాళ్ళని నమ్మొద్దని ముందే చెప్పాను. ప్యాడ్లు వెయ్యడానికి చక్రం ఊడదీసినవాడు ఇంకేం చేశాడో ఎవడికి తెలుసు. అతన్ని వదలకు.

ఇక ఆ ఇన్సూరెన్స్ ఇంజనీరు. వాడికి శాస్త్రం తెలియదు. చక్రం పైన లోపలికి కొంచెం వాలితే మలుపులో పట్టు పెరుగుతుందే గానీ తగ్గదు. రేసు కార్లన్నిటికీ అంతే. రెండున్నర డిగ్రీలంటే అదేమంత వాలు? కంటికి కూడా ఆనదు. అలాంటిదాన్ని పట్టుకుని ఒక కుర్రాడి మీద నేరం మోపడం చూస్తే ఈ దేశంలో ఇంజనీరింగు ఎంత దిగజారిందో తెలుస్తోంది. టైరు అరిగిందంటే గాలి చూసుకోలేదని అర్థం. వారం వారం గాలి పెట్టావా? పెట్టి ఉండవు.

MOT కాగితాలు వాళ్ళ మొహాన కొట్టు.

మీ బావ

*

స్విండన్,
30 అక్టోబర్ 2014

వెంకటాచలం బావగారికి,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని చిన్నప్పుడు మా తాతయ్య చెప్పేవాడు. ఆ సామెతకి ఇంత చక్కటి ఉదాహరణ పోస్టులో వస్తుందనుకోలేదు.

రెండున్నర డిగ్రీలని నేను రాయలేదు. నాకే తెలియదు. మీ ఉత్తరం తర్వాత రోజు ఇంజనీరు రిపోర్టు వచ్చింది. అందులో ఉంది, రెండున్నర.

పోలండు మెకానిక్ తన పని మానుకుని, గుద్దిన కారు ఉంచిన యార్డుకి నాతో వచ్చాడు. కారు కింద దూరి, చక్రం వాలు మార్చడానికి వేసిన బోల్టులు చూపించాడు. తుప్పు పట్టి ఉన్నాయి. మంచుకి రోడ్ల మీద చల్లే ఉప్పు మూడు నాలుగు చలికాలాలు తిన్నవి అన్నాడు. కారు నా చేతికొచ్చింది ఈ మార్చిలో. ఇంకో మాట కూడా గుర్తుచేశాడు. ఆగస్టులోనే ‘టైర్లు లోపల అరుగుతున్నాయి, అలైన్‌మెంటు చేయించు’ అని చెప్పాడట. నేను ‘మా బావ ఇంజనీరు, గ్యారేజీవాళ్ళని ముట్టుకోనివ్వద్దన్నాడు’ అని గొప్పగా చెప్పానట. నిజమే, చెప్పాను. అతనికి క్షమాపణ చెప్పాను. దొంగ అన్నది నలుగురిలో, క్షమాపణ ఒంటరిగా. అది కూడా సిగ్గుగానే ఉంది.

MOT కాగితాలు పనికిరావట. చక్రం ఎంత వాలిందో MOTలో కొలవరు. ఫోనులో ఇన్సూరెన్స్ ఆవిడ విడమరిచి చెప్పింది. పోయిన ఏడాది నుంచి కొత్త చట్టమట. తెలిసి దాస్తే పాలసీ మొదటినుంచీ లేనట్టే. ఆ లైబ్రేరియన్‌కి పరిహారం వాళ్ళిచ్చి, తర్వాత నా దగ్గర వసూలు చేస్తారు. ఆపైన బతికినంతకాలం ప్రతి ఫారంలోనూ ‘ఒకసారి నా పాలసీ రద్దయింది’ అని రాసుకోవాలి. అలాంటివాడికి ఎవరూ ఇన్సూరెన్స్ ఇవ్వరు. ఇన్సూరెన్స్ లేకపోతే కారు లేదు, తర్వాతివి మీకు తెలుసు. అడగాల్సినవాళ్ళని అడిగి, వాళ్ళ మాట నమ్మి రాశానని రుజువైతే నా తప్పు లేదు. రుజువుకి నవంబర్ పధ్నాలుగు దాకా గడువు.

ఎవరు వేశారు బావగారూ ఆ బోల్టులు?

మణిదీప్

*

స్టీవెనేజ్,
3 నవంబర్ 2014

మణీ,

నేనే.

2010లో వేశాను. స్ప్రింగులు కూడా. మీ అక్క కోసం వేశాను. ఈ ఊళ్ళో ఇంటినుంచి సరుకులకి టెస్కోకి వెళ్ళేలోపు ఆరు రౌండబౌట్లు. ప్రతిదాని దగ్గరా ఆవిడకి కడుపులో తిప్పేది. కారు ఒరగడం వల్లేనని లెక్కకట్టి, రెండు శనివారాలు ఇంటి ముందు కారు కింద పడుకుని, దారం కట్టి కొలిచి, ఒరగకుండా చేశాను. ఏ మొగుడు చేస్తాడు ఇంత?

అందుకే అంటున్నాను, అది మార్పు కాదు. కంపెనీవాడు సరిగ్గా చెయ్యనిదాన్ని నేను సరిగ్గా చేశాను.

ఇప్పుడు నేను చెప్పేది ప్రశాంతంగా విను. ఆ కారు నేను కూడా సెకండ్‌హ్యాండే కొన్నాను. అంతకుముందు ఎవరిదో ఎవరికి తెలుసు. ‘పాత ఓనరు ఎవరో చేసి ఉంటారు, మా బావకీ తెలియదు’ అని రాయి. ఎవరికీ నష్టం లేదు. నా సంగతి ఆలోచించు. నా కొత్త కారు కూడా అదే కంపెనీ దగ్గర ఇన్సూర్ అయి ఉంది. దానికి కూడా అవే బోల్టులు వేశాను. ఫారంలో నేనూ లేదనే రాశాను. ఆఫీసులో కొలత సరిగ్గా ఉందని నేను సంతకం పెడితేనే భాగం బయటికి వెళ్తుంది. ఇంటి దగ్గర కొలతలు మార్చి దాచాడంటే ఆ సంతకానికి విలువేముంటుంది?

మీ అక్కకి చెప్పకు.

బావ

*

స్విండన్,
7 నవంబర్ 2014

బావగారికి,

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాడట ఒకడు. మీరు నాలుగో కాలు చూసి, బోల్టు వేసి లోపలికి వంచేసేరకం.

అక్క నిన్న రైల్లో వచ్చింది, నన్ను చూడటానికి. నేనేమీ చెప్పలేదు. రఘువీర్ తన కారులో మమ్మల్ని సరుకులకి తీసుకెళ్ళాడు. మా ఊరి పెద్ద రౌండబౌటు సంగతి వినే ఉంటారు, ఒకదాంట్లో అయిదు. దాని చుట్టూ మూడుసార్లు తిరిగాం, దారి తప్పి. కంపెనీ స్ప్రింగులున్న మామూలు కారు. అక్క ఆ అయిదూ దాటేదాకా జంతికలు నముల్తూనే ఉంది. కడుపులో తిప్పడం లేదా అక్కా అని అడిగాను. మలుపు మధ్యలో మీరు బ్రేకు తొక్కుతారట, వదుల్తారట, మళ్ళీ తొక్కుతారట. పెళ్ళయిన ఏడాదినుంచి చెప్తోందట, మీ బావకి వినపడదురా అంది.

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాను. మద్దెలకి నాలుగు బోల్టులు బిగించినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

మీరు చెప్పినట్టు రాయను. తెలియక తప్పు రాసినందుకే ఈ గతి. తెలిసి ఇంకో అబద్ధం రాయమంటారా? ‘లేదు, లేదు, లేదు’ అని మీరు రాసిన ఉత్తరం నా దగ్గరుంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి పంపితే నా పని అయిపోతుంది. మా అమ్మ సీటు విరగ్గొట్టిన వాక్యంతో సహా మార్చాలట, ఏదీ వదలకూడదట. అమ్మకి ఒక కాపీ పంపుతాను, కావాలంటే.

పంపడం నాకిష్టం లేదు. పంపితే మీరు దొరికిపోయినవాళ్ళవుతారు. మీ అంతట మీరు రాస్తే చెప్పినవాళ్ళవుతారు. నాకు ఎటైనా ఒకటే, అక్కకి కాదు. ఇంకా వారం ఉంది. నా ఉద్యోగం, నా వీసా మీ పెన్ను దగ్గర ఆగి ఉన్నాయి. ఇంత వేళాకోళంగా రాస్తున్నానని నిద్రపోతున్నాననుకోకండి. నాకు చాలా భయంగా ఉంది బావగారూ.

మణిదీప్

*

స్టీవెనేజ్,
11 నవంబర్ 2014

మణీ,

ఇన్సూరెన్స్ వాళ్ళకి నేను పంపినదాని నకలు ఇందులో ఉంది. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. తెలుగులో ఇంతే:

చక్రాల వాలు, స్ప్రింగులు 2010లో నేనే మార్చాను. మణిదీప్‌కి చెప్పలేదు. మార్చి నెలలో అతను రాతపూర్వకంగా, చక్రాల పేరు, స్ప్రింగుల పేరు చెప్పి మరీ అడిగాడు. లేదని నేను రాశాను. గ్యారేజీలో సరిచేయించనివ్వకుండా ఆపింది కూడా నేనే.

మొదట ఆరు పేజీలు రాశాను. చక్రం వాలు మీద మూడు, కంపెనీవాడి తప్పుల మీద రెండు. మీ అక్క చదివి, ‘ఇందులో నువ్వు చేసిన పని ఎక్కడుంది?’ అంది. అవును, చెప్పేశాను ఆవిడకి. నువ్వు చెప్పలేదని తెలిసి ఇంకా తిట్టింది. బోల్టులు వేశానని రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. నువ్వు అడిగితే లేదన్నానని రాయడానికి రెండు రోజులు పట్టింది. సిగ్గేసింది, మణీ. ఆ రోజు నీ ఉత్తరం చదివి నేను ఒక్క క్షణం కూడా ఆగి ఆలోచించలేదు. నా పనిని మార్పు అంటావా అని కోపం మాత్రం వచ్చింది.

నా కారు సంగతి కూడా వాళ్ళకి రాశాను. జవాబు వచ్చేదాకా నడపొద్దన్నారు. బస్సులో ఆఫీసుకెళ్తున్నాను. డ్రైవరు మలుపులో బ్రేకు తొక్కడం లేదు. గమనిస్తున్నాను.

వెంకటాచలం

*

స్విండన్,
12 డిసెంబర్ 2014

బావగారికి నమస్కారాలు.

ఇన్సూరెన్స్ వాళ్ళ జవాబు వచ్చింది. అడగాల్సినంత అడిగి, సరైన జాగ్రత్తే తీసుకున్నానని ఒప్పుకున్నారు. పాలసీ నిలిచింది. లైబ్రేరియన్ గారికి వాళ్ళే పరిహారం ఇస్తున్నారు. ఆవిడ కట్టు విప్పారు, వెళ్ళి చూసొచ్చాను. మీ గురించి చెప్తే ‘మా ఆయనా అంతే’ అంది. మీ పాత కారు తుక్కు కింద పోయింది. మీ కొత్తదాని బోల్టులు పీకించి కంపెనీ కొలతకి తెచ్చాకే మళ్ళీ కవర్ ఇచ్చారని, పైగా ప్రీమియం కూడా పెంచారని అక్క చెప్పింది. ఆఫీసులో కూడా మీరే చెప్పుకున్నారట, మాటలు పడ్డా సంతకం నిలబడిందట. సంతోషం. నిజంగానే.

నేను సెకండ్‌హ్యాండులో ఒక చిన్న కారు కొన్నాను. మళ్ళీ ఫారం, మళ్ళీ అదే ప్రశ్న. అమ్మినాయన ఏమీ మార్చలేదన్నాడు, మంచిమనిషిలాగే ఉన్నాడు. అయినా పోలండు మెకానిక్‌ని తీసుకెళ్ళాను. ఇద్దరం కిందికి దూరి, టార్చి వేసుకుని ఒక్కొక్క బోల్టూ చూశాకే టిక్కు పెట్టాను. ఇదివరకైతే మీకో ఉత్తరం రాస్తే సరిపోయేది.

మీ మీద కోపం పోయింది. ఆ ఒకటిన్నర పేజీ రాయకుండా ఉండటం మీకు ఎంత సులువో నాకు తెలుసు. మీ మాట మీద సంతకం పెట్టే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో నాకే తెలియదు, తెలిసినట్టు రాయడం బాగోదు.

ఆదివారం వచ్చి కొత్త కారు ఒకసారి చూసి పెడతానన్నారు. అక్కతో రండి. గుత్తివంకాయ చేస్తాను, నిదానంగా భోంచేసి వెళ్దురు గాని. కారు తాళం మాత్రం అడగకండి.

మీ మణిదీప్